చెన్నపురి పీపుల్స్ పార్కు: ఒక ప్రజోద్యానము యొక్క పుట్టుక, క్షయము, పునరుద్ధరణము

ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన అవతరించువరకు ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల ప్రజలకు రాజధాని చెన్నపట్టణమే. భూమి తగవు హైకోర్టుకెక్కినను, పెద్ద జబ్బుచేసి జనరల్ ఆసుపత్రికి పోవలసివచ్చినను, పిల్లవానిని పైచదువులకు చేర్పవలసియున్నను, పెండ్లికి పట్టుబట్టలు తేవలసియున్నను, ఉదయగిరి దుర్గము క్రింది పల్లెల గృహస్థు ఆత్మకూరు, సంగముల మీదుగా సుమారు 60 మైళ్ళు బండిమీదనో, పిమ్మటి కాలమున బస్సులోనో నెల్లూరు చేరి, అచ్చట రైలెక్కి సెంట్రల్ స్టేషనులో దిగెడివాడు. స్టేషను వెలుపలికి వచ్చి పూనమల్లి హైరోడ్డు వెంబడి పడమరగా నడచినవానికి మూర్ మార్కెట్టు, విక్టోరియా పబ్లిక్ హాలు, తెల్లని రిప్పన్ భవనము, వాని వెనుక జంతుప్రదర్శనశాల వరుసగా ఎదురగుచుండెను. వీనినన్నిటిని ఎరిగినవారు మన పెద్దలలో పెక్కురుండిరి. కాని ఇవన్నియు ఒకే తోటలో లేచిన కట్టడములనియు, మొదట పుట్టినది తోటయనియు, దాని నేలనే కొంచెము కొంచెముగా తీసికొని ఈ కట్టడములు నిలిచినవనియు తలపోసినవారు అరుదు.

ఆ తోట పేరు పీపుల్స్ పార్కు. దాని విస్తీర్ణము 116 ఎకరములు. విక్టోరియా రాణి పాలనాకాలమున, ఇంగ్లండునందు ప్రజోద్యానములు వెలసిన రెండు దశాబ్దములలోపలనే, మన దేశమున సామాన్య ప్రజల కొరకని పేరుపెట్టి వేసిన తోటలలో ఇది మిక్కిలి ముఖ్యమైనది. నెల్లూరు జిల్లావారికి ఇది పరాయి చరిత్ర కాదు. పన్ను కట్టిన రాజధానిలోని తోట గనుక మన పూర్వులకును అందు భాగము కలదు. దాని కథ నేడు మన ఊళ్ళకు మునుపటికంటె ఎక్కువ అవసరమని నా నమ్మకము.

తోట వేయుట మనకు ఇంగ్లీషువారు నేర్పిన విద్య కాదు. తటాకము, దేవాలయము, అగ్రహారము, కావ్యము మొదలగువానితోపాటు వనమును సప్తసంతానములలో ఒకటిగా ఎంచిన జాతి మనది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతినుండి గైకొన్న ఉదయగిరి దుర్గము క్రిందను, పెన్న పొడుగునను ఉన్న పల్లెలలో చెరువుకట్ట చేరువను, బాటల ప్రక్కను పుణ్యముకొరకు నాటిన చింత, మామిడి, మర్రి తోపులు ఎన్నియో ఉండెడివి. బాటసారి దిగి వంట చేసికొనుటకును, ఎండకు పశువులు నిలుచుటకును, సంతలు, తిరునాళ్ళు జరుగుటకును అవి ఆధారములు. కంపెనీ ప్రభుత్వము సర్వే చేసి రికార్డులు వ్రాసినప్పుడు ఇట్టివానిని తోపు పోరంబోకు అను పద్దు క్రింద చేర్చినది. పోరంబోకనగా పన్ను రాని నేల. ఊరందరికి పనికివచ్చు నేల లెక్కలలో ఆదాయము లేని నేలగా నిలిచిపోవుట, అందువలన దానికి కాపు లేకపోవుట, ఈ వ్యాసమున ముందు ముందు రాబోవు నష్టములన్నిటికి మూలము.

ఇక విక్టోరియా యుగపు ఉద్యానమునకు పుట్టుక వేరు. యంత్రశాలలు లేచి, పల్లెలు ఖాళీయై, పొగ క్రింద లక్షలాది శ్రామికులు క్రిక్కిరిసి బ్రదుకుచున్న ఇంగ్లీషు నగరములలో నడచుటకైన చోటు లేదని గుర్తించి, 1833లో పార్లమెంటు సభాసంఘమొకటి బహిరంగ విహారస్థలముల ఆవశ్యకతను గురించి నివేదిక సమర్పించినది. 1840లో డెర్బీ నగరమున జోసెఫ్ స్ట్రట్ అను మిల్లు యజమాని తన సొమ్ముతో ఒక వృక్షవాటిక వేయించి పట్టణమునకిచ్చెను. లండను తూర్పుభాగపు పేదలకు 1845లో విక్టోరియా పార్కు లభించినది. 1847లో బిర్కెన్‌హెడ్ పట్టణము ప్రజాధనముతో నేల కొని, జోసెఫ్ పాక్స్టన్ చేత తోట గీయించి, ద్వారములు తెరచినది. అమెరికానుండి వచ్చిన ఓమ్‌స్టెడ్ అను యువకుడు 1850లో దానిని చూచి అచ్చెరువొంది, ఎనిమిదేండ్ల తరువాత తన సహచరునితో కలిసి న్యూయార్కు సెంట్రల్ పార్కుకు నమూనా గీచెను. ఈ తోటలన్నిటికి సామాన్యమైన లక్షణములు కొన్ని కలవు. వంపులు తిరిగిన బాటలు, త్రవ్విన కొలనులు, వాద్యబృందమునకు మంటపము, ఊరి సంస్థ చేతిలో నిర్వహణము, అన్నిటిని మించి, గొప్పవాడును కూలివాడును ఒకే బాటపై నడువవచ్చునను నియమము.

ఈ భావమును చెన్నపట్టణమునకు తెచ్చినవాడు సర్ చార్లెస్ ట్రెవెల్యన్. 1807లో జన్మించి, యౌవనమున బెంగాలులో ఉద్యోగము చేసి, మెకాలే సోదరిని వివాహమాడి, పిమ్మట దాదాపు పందొమ్మిదేండ్లు లండను ఖజానా కార్యాలయమున ప్రధానోద్యోగిగా ఉన్న ఇతడు, ఐర్లండు మహాక్షామమునాడు చూపిన కాఠిన్యమునకు నేటికిని నింద మోయుచున్నవాడు. ఆ నింద న్యాయమైనదే. 1859 మార్చిలో అతడు మద్రాసు గవర్నరుగా వచ్చెను. కలకత్తా ప్రభుత్వపు ఆర్థికసభ్యుడు విల్సన్ ప్రతిపాదించిన ఆదాయపు పన్నును ఎదిరించి, తన వ్రాతను పత్రికలకిచ్చినందున మరుసటి యేడే పదవినుండి వెనుకకు పిలిపింపబడెను. ఏడాదిపై కొద్ది నెలలు మాత్రమే పాలించిన గవర్నరు పేరు చెన్నపురి నేలమీద నిలిచిపోయినదన్నచో, అది ఈ తోట మూలముననే. అతని పేర నగరవాసులు నిలిపిన ఇటుక, రాతి ఫౌంటెన్ విక్టోరియా హాలు ప్రక్క నేటికిని కలదు.

నూట పదునారు ఎకరముల నేల, అందులో 11 కొలనులు, అయిదున్నర మైళ్ళ బాటలు, వాద్యమంటపము, స్నానశాల, పిమ్మట టెన్నిసు మైదానములు. ఈ లెక్కలలో నన్ను ఎక్కువగా ఆకర్షించునవి కొలనులు. చెన్నపట్టణము నేల ఎత్తుపల్లములు లేని సమతలము, సముద్రమునకు చేరువ. వాన కురిసినచో నీరు కదలక నిలుచును, వాన వెనుదీసినచో చెట్టు బ్రదుకదు. అట్టి నేలపై కొలను త్రవ్వినచో త్రవ్విన మన్ను బాటలకును, మొక్కల మళ్ళకును ఎత్తునిచ్చును, వాననీరు పల్లమునకు దిగి నిలువయగును, ఎండకాలమున ఆ చెమ్మయే చుట్టునున్న వేళ్ళకు ఆధారమగును. చెరువు లేక తోపు లేదని ఆత్మకూరు ప్రాంతపు రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. తోటకు ఈ కొలనులే ప్రాణమనియు, అవి పూడిననాడే తోట ఆయువు తీరినదనియు పిమ్మటి చరిత్ర నిరూపించినది.

తోటకు జనాకర్షణము తెచ్చినది మాత్రము జంతుశాల. దానికి మూలపురుషుడు ఎడ్వర్డ్ బాల్‌ఫర్ అను సైనికవైద్యుడు. చెట్లు నరికివేసిన నేలలో వానలు తగ్గి కరవులు పెరుగునన్న సంగతిని 1849 నాటికే వ్రాసి, దక్షిణ దేశమున అడవుల సంరక్షణకు తొలి హెచ్చరిక చేసినవారిలో ఇతడొకడు. వెలిగొండల క్రింద వాననీడలో బ్రదుకు మనకు స్మరణీయుడు. 1851లో స్థాపితమైన ప్రభుత్వ మ్యూజియమునకు అధికారియై యుండి, అచ్చట ప్రాణముతోనున్న మృగములను చూచుటకు జనము మిక్కుటముగా వచ్చుట గమనించి, 1855లో ఎగ్మూరు ఆవరణలోనే ఒక జంతుశాల ప్రారంభించెను. కర్ణాటక నవాబు తన సంగ్రహములోని జంతువులనిచ్చి తోడ్పడెను. ఏడాదిలోనే అందలి ప్రాణుల సంఖ్య 300 దాటినది. 1861లో ఆ జంతుశాల పీపుల్స్ పార్కుకు తరలినది. అది మొదలుకొని నూరేండ్లకు పైగా దక్షిణ దేశపు పల్లెలనుండి చెన్నపట్టణము చూడవచ్చిన ప్రతివాడును రెండు చోట్లు తప్పక చూచి వెళ్ళెడివాడు. మ్యూజియమును చచ్చిన కాలేజి యనియు, జంతుశాలను బ్రతికిన కాలేజి యనియు పల్లెజనము వాడుకలో పిలిచెడివారు. అక్షరము రానివానికి అవి నిజముగా కళాశాలలే. పులిని బోనులో మొదట చూచినది అచ్చట, ఈము పక్షిని చూచినది అచ్చట. తిరిగి వచ్చి రచ్చబండమీద కూర్చుండి చెప్పుకొన్నవియు ఆ ముచ్చటలే.

ఇచ్చట 1876–78 నాటి మహాక్షామమును స్మరింపక తప్పదు. నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాలను అది దారుణముగా పీడించినది. కరవుపని క్రింద వేలాది కూలీలచేత త్రవ్వించిన మార్గమువలన ఉత్తరపు కాలువ చెన్నపట్టణము నడుమనుండి దక్షిణపు కాలువతో కలిసి బకింగుహాం కాలువ యయ్యెను. నెల్లూరు తీరమునుండి వంటచెరకు, ధాన్యము, ఉప్పు, సున్నపు గుల్ల పడవలమీద ఆ కాలువ వెంబడి నగరము చేరెడివి. 1899లో బెజవాడనుండి రైలుదారి పూర్తియగువరకు మన జిల్లా తీరపు సరకునకు ముఖ్యమార్గమదియే. ఆ కాలువ సాగినది పీపుల్స్ పార్కుకు కూతవేటు దూరమున. ఒకప్రక్క ఆకలికి త్రవ్విన కాలువ, ఒకప్రక్క ఆహ్లాదమునకు త్రవ్విన కొలనులు. రెంటిని ఒకే ప్రభుత్వము ఇరువది యేండ్ల వ్యవధిలో నిర్మించినది.

1886వ సంవత్సరపు చివరిదినమున ఈ తోటలో ఘోరమైన ప్రమాదము సంభవించినది. క్రొత్త సంవత్సరపు సంబరములకై వేసిన జాతరపందిళ్ళలో నిప్పంటుకొని వందలమంది ప్రాణములు కోల్పోయిరి. చెన్నపురి చరిత్రలో ఇంత పెద్ద అగ్నిప్రమాదము మరియొకటి లేదనవచ్చును. పండుగ చూడవచ్చిన స్త్రీలు, పిల్లలు బలియైన ఈ సంఘటన క్రమముగా మరుగున పడిపోయినది. తోట మాత్రము సంతలకు, ప్రదర్శనములకు, మల్లయుద్ధములకు, దీపోత్సవములకు వేదికగనే యుండెను.

ఇక తోట తరుగుదల. దీనిని వివరముగా చెప్పవలసియున్నది. ఏలయనగా ఇది ఒక్కనాడు, ఒక్క దుర్మార్గుని చేత జరిగినది కాదు. ప్రతి పర్యాయమును ఒక సత్కార్యము పేర, పెద్దమనుష్యుల చేతులమీదుగా, దీపారాధనలతో జరిగినది.

మొదటిది విక్టోరియా పబ్లిక్ హాలు. నగరమునకు సభాభవనము లేదన్న కొరత తీర్చుటకు 1883 డిసెంబరు 17వ తేదీన విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి ఆనందగజపతి మహారాజు శంకుస్థాపనము చేసెను. తెలుగు ప్రభువొకడు వేసిన పునాది అది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవమున ఆమె పేరు దానికి ఏర్పడినది. పీపుల్స్ పార్కు నేలలో మూడెకరములకు పైన 57 గ్రౌండ్ల స్థలమును గ్రౌండుకు ఎనిమిదణాల చొప్పున, 99 ఏండ్లకు, 1888 ఏప్రిల్ 1 మొదలుకొని కౌలునకిచ్చిరి. వాస్తుశిల్పి రాబర్ట్ చిజమ్. కట్టినవాడు నంబెరుమాళ్ చెట్టి. ఎర్రని ఇటుక గోడలు, సున్నపు పూత, మీద తిరువాన్కూరు పద్ధతి కప్పుగల చతురస్రపు గోపురము, కాల్చిన మట్టిపలకల చూరుపట్టీలు, లోపల సుమారు 600 మంది కూర్చుండు శాల, తూర్పుకొసన కొయ్యమేడపై మరి 200 మందికి చోటు. చూడచక్కని కట్టడము. 1891లో బళ్ళారి ధర్మవరం కృష్ణమాచార్యులవారి తెలుగు నాటకములు చెన్నపురిని ఉఱ్ఱూతలూపగా, ఆ ప్రేరణచే పమ్మల్ సంబంధ మొదలియారు సుగుణ విలాస సభను స్థాపించెను. ఆ సభకు చిరకాలము ఈ భవనమే నివాసము. మన బళ్ళారి రాఘవ ఆ సభ నటులలో నొకడు. 1897లో స్వామి వివేకానందుడు అమెరికానుండి మరలివచ్చి ఉపన్యసించినది ఇచ్చటనే. చెన్నపురి ప్రజలు కదలుబొమ్మలను మొదట చూచినదియు ఇచ్చటనే. నెల్లూరి పురమందిరమున సభ జరుగునప్పుడెల్ల నాకు ఈ పెద్దక్క జ్ఞాపకము వచ్చుచుండును. ఇట్టి మందిరము ఊరికి అక్కరలేదని ఎవ్వరనగలరు? కాని తోటలోని నేల ఇచ్చుట తప్పు కాదన్న ఆనవాయితీ ఇచ్చటనే మొదలైనది.

రెండవది మూర్ మార్కెట్టు. బ్రాడ్వే వీధిలోని పాత సంతను ఎత్తించి వర్తకులకు చోటు చూపుటకు కార్పొరేషను అధ్యక్షుడు సర్ జార్జి మూర్ 1898లో పునాది వేయించెను. 1900లో అది ప్రారంభమైనది. తెలుగు చదువరులకు ఆ పేరు చెవిని బడగనే పాతపుస్తకముల వాసన గుర్తుకు రావలసినదే. అణాకు, బేడకు దొరకిన పుస్తకములతో విద్యార్థులు, పండితులు ఎందరో తమ గ్రంథాలయములు నింపుకొనిరి. మూడవది రిప్పన్ భవనము. 1909లో లార్డు మింటో పునాది వేయగా, 1913లో లార్డు హార్డింజి ప్రారంభించిన ఈ పాలరంగు సౌధము, తోటను కాపాడవలసిన పురపాలక సంస్థకే నివాసము. కాపుదారే తోటలో ఇల్లు కట్టుకొన్న తరువాత ఇతరులను కాదనుట దుష్కరము. పిమ్మట క్రీడామైదానము, ఈతకొలను, కచేరీలు వచ్చినవి. క్రీడామైదానము 1993లో నెహ్రూ స్టేడియముగా కొత్తరూపు దాల్చినది.

జంతుశాల నూటఇరువది యేండ్లకు పైగా ఇరుకుబోనులతో ఆ చోటనే నెట్టుకొనివచ్చినది. చుట్టును రైళ్ళు, బస్సులు, జనసమ్మర్దము. మృగములకు అది వాసయోగ్యము కాదని తేల్చి 1979లో నగరమునకు దూరముగా వండలూరు అడవినేలలో విశాలమైన చోటు చూచి, 1985 జూలైలో అరిజ్ఞర్ అణ్ణా జంతుశాల తెరచిరి. మృగములకు మేలైనది, సందేహము లేదు. తోటకు మాత్రము జనమును రప్పించు చివరి ఆకర్షణము తొలగినది. ఆ సంవత్సరముననే మే నెల 30వ తేదీన మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతియైనది. ఆ స్థలమున సబర్బన్ రైళ్ళ స్టేషను లేచినది. నిలువనీడ పోయిన వర్తకులకు చోటు చూపుటకు తోటలోని కలువకొలను ఉన్న తావున లిల్లీ పాండ్ కాంప్లెక్సు అను అంగళ్ళ భవనము కట్టిరి. పదునొకండు కొలనులలో ఒకటి నేడు పేరులో మాత్రమే నీరుగలదై నిలిచినది.

మిగిలిన పచ్చదనము రిప్పన్ భవనము వెనుకనున్న మై లేడీస్ గార్డెన్. దశాబ్దముల తరబడి పుష్పప్రదర్శనములకు పేరువడిన చిన్న తోట. 116 ఎకరములను ఎరిగినవానికి అది పెద్దయింటి ప్రాంగణమున మిగిలిన తులసికోట వలె కనబడును.

ఇట్టి క్షయము చెన్నపురికే ప్రత్యేకము కాదు. హైదరాబాదు బాగ్-ఎ-ఆమ్‌లో శాసనసభా భవనము, జూబిలీ హాలు, పురావస్తుశాల లేచినవి. అచ్చటి జంతువులును 1963లో మీరాలం చెరువు ప్రక్కకు తరలినవి. బెంగుళూరు కబ్బన్ పార్కు మాత్రము వేరు దారి నడచినది. 1870లో సాంకీ అను ఇంజనీరు వేసిన ఆ తోటలోను ఎన్నియో కట్టడములు చొచ్చినవి. కాని కర్ణాటక శాసనసభ 1975లో ప్రభుత్వోద్యానముల సంరక్షణకై ప్రత్యేక చట్టము చేసినందున, ఆక్రమించదలచినవారిని న్యాయస్థానమునకు ఈడ్చుటకు పౌరులకు ఒక ఆయుధము దొరికినది. ఆ తోట నేటికిని సుమారు 300 ఎకరములుగా నిలిచియుండుటకు మాలీల శ్రమతోపాటు ఆ కాగితమును కారణమే.

ఇంగ్లండునందును ఈ తోటలు యుద్ధానంతరము కంచెలు ఊడి, కొలనులు పూడి, మంటపములు శిథిలమై దీనావస్థకు వచ్చినవి. 1996లో లాటరీ నిధినుండి నగరోద్యానముల పునరుద్ధరణకు ఒక పథకమేర్పరచి, పాత పటములు తీసి, బాటల అసలు వంపులు గుర్తించి, కొలనుల పూడిక తీసి, పడిన వంతెనలను పూర్వరీతిలో నిలిపిరి. బిర్కెన్‌హెడ్ తోటకే 2008 నాటికి కోటి పౌండ్లకు పైగా వ్యయమైనది. ఆ పని సాధ్యమగుటకు హేతువు ధనమొక్కటియే కాదు. నేల ఉన్నది గనుక తోటను తిరిగి తోటగా చేయగలిగిరి.

చెన్నపురిలో పునరుద్ధరణభాగ్యము విక్టోరియా హాలునకు దక్కినది. చిరకాలము కౌలు వ్యాజ్యములలోను, పిమ్మట ఎదుట జరిగిన మెట్రో రైలు త్రవ్వకములలోను చిక్కి శిథిలమైన ఆ భవనమును కార్పొరేషను 2023లో చేపట్టి, 32 కోట్ల రూపాయలకు పైగా వ్యయముతో బాగుచేయుటకు పూనుకొనినది. ఇట్టి పాత కట్టడముల మరమ్మతు ఎంత శ్రమతో కూడినదో దగ్గరనుండి చూచినవారికే తెలియును. ఆ కాలపు మద్రాసు మిద్దె కప్పు టేకు దూలములపై సన్నని ఇటుకలను వాలుగా నిలిపి, మీద సున్నము, ఇటుకముక్కల మిశ్రమము పరచి దిమ్మిస చేసినది. గోడలు కట్టినది సున్నముతో. అట్టి గోడకు సిమెంటు పూసినచో లోని చెమ్మ వెలుపలికి రాలేక ఇటుకనే తినివేయును. కావున పూర్వపు సిమెంటు పూతలను ఉలితో మెల్లగా ఊడదీసి, నానవేసి మగ్గిన సున్నముతో గార కలిపి, పొరపొరకు ఆరనిచ్చి పూయవలెను. తొందరపడువానిచే అయ్యెడి పని కాదు. ఇట్టి పని మన కాలమున తిరిగి ఆరంభమగుట, సున్నపుపని తెలిసిన మేస్త్రీలకు తిరిగి అన్నము దొరకుట శ్లాఘనీయము. నేనా పనిని మనసారా ప్రశంసింతును.

అయినను ఒక మాట చెప్పవలసియున్నది. భవనమును బాగుచేసినచో భవనము తిరిగి వచ్చును. దానికి నేల ఇచ్చిన తోట తిరిగి రాదు. ఇటుకను, సున్నమును తెచ్చుకొనగలము. రైలుపట్టాలు, స్టేడియము, అంగళ్ళు లేచిన ఎకరములను ఏ నిపుణుడును విడిపించి తేలేడు. అందుచేత ఉద్యానమునకు సంబంధించినంతవరకు రక్షణము ముందు, పునరుద్ధరణము తరువాత. చట్టముచేత బంధింపని హద్దు హద్దు కాదు. మన సర్వోన్నత న్యాయస్థానము 1991లో బెంగుళూరునందలి ఒక పార్కు స్థలమును వైద్యశాలకిచ్చుట చెల్లదని తీర్పుచెప్పినప్పుడు ఈ సూత్రమునే బలపరచినది. వైద్యశాల మంచిదే, కాని పార్కునకని విడిచిన చోట కాదు. 2011లో గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించవలెనని రాష్ట్రములన్నిటిని ఆదేశించినదియు ఆ న్యాయస్థానమే.

ఇప్పుడు మన ఊళ్ళ మాట. ఉదయగిరి దుర్గపాదమున, కోటగోడల శిథిలములకును ఊరికిని నడుమ, ఆత్మకూరు చుట్టుపట్ల చెరువుల వెంబడి, అనంతసాగరము వంటి పెద్దచెరువుల కట్టల క్రింద, తోపు పోరంబోకులుగా, చెరువు పోరంబోకులుగా వ్రాసిన నేలలు కలవు. ఊరు పెరుగుచున్నది. బడికి చోటు కావలెను, కచేరీకి కావలెను, బస్సుస్టాండుకు కావలెను, సామాజిక భవనమునకు కావలెను. ప్రతిదియు మంచిపనియే. ప్రతిదానికిని మొదట కనబడునది పోరంబోకు నేలయే. కొనవలసిన పని లేదు, అడ్డుచెప్పు యజమాని లేడు. చెన్నపట్టణమున 116 ఎకరములు కరగినదియు సరిగా ఇట్లే. ఉదయగిరి చెక్క గరిటెలు చేయు పనివారు దుర్గపు అడవిలోని కట్టెను నమ్మి తరతరములుగా బ్రదుకుచున్నారు. చెట్టు తరిగిన ఊరిలో ఏమేమి తరుగునో వారినడిగిన తెలియును.

కావున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల విద్యావంతులకును, పంచాయతీ, పురపాలక సభ్యులకును నా విన్నపము. మీ ఊరి తోపుల, చెరువుల సర్వే నంబర్లను రీసర్వే రిజిస్టరునుండి వ్రాసికొనుడు. ఎఫ్.ఎం.బి. (పొలపు కొలతల పుస్తకము) నకలు తీసి, పొలిమేర రాళ్ళు ఉన్నవో లేవో నడచి చూడుడు. లేనిచో సర్వేయరుచేత నాటింపుడు. ఆ నంబర్లు రిజిస్ట్రేషను చట్టపు 22-ఏ నిషేధపు జాబితాలో చేరినవో లేవో విచారింపుడు. గ్రామసభలో తీర్మానము వ్రాయించి, ఇది ఊరి తోటయని, ఇందు ఎంత మంచి కట్టడమైనను కట్టరాదని పుస్తకమెక్కింపుడు. పిదప ముందుగా కుంట పూడిక తీయించి, నీరు నిలిపి, ఆ మీదట చింత, వేప, కానుగ, నేరేడు నాటుడు. బల్లలు, దీపములు, శిలాఫలకములు తరువాత చూచుకొనవచ్చును. వచ్చు గ్రామసభ కార్యక్రమపట్టికలో ఈ ఒక్క అంశమును చేర్చుమని మీ కార్యదర్శికి నేడే అర్జీ ఇండు.